అయ్యగారి ఆన్‌కాల్‌కి సెకండరీ ఎవరు?

ఆన్‌కాల్ అంటే ఏంటో ఇది చదివేవాళ్ళలో చాలామందికి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది, కళ్ళు నులుముకుంటూ లాప్‌టాప్ తెరుస్తాం, ప్రొడక్షన్‌లో ఏదో తగలబడుతూంటుంది, ఆర్పేసి పడుకుంటాం. అయితే వారం తిరిగేసరికి ఆ గోల ఇంకొకడి నెత్తిన పడుతుంది. నేను ఫోనెత్తకపోతే కాసేపట్లో సెకండరీకి వెళ్తుంది, వాడూ ఎత్తకపోతే మేనేజరుకి. మర్నాడు ఆఫీసుకి పదకొండింటికెళ్ళినా ఎవరూ ఏమనరు. ఇంత ఏర్పాటు ఉండి కూడా ఆ వారం రోజులూ మనం తిట్టుకునే తిట్లు అన్నీ ఇన్నీ కావు.

ఇప్పుడు రొటేషన్ లేని ఆన్‌కాల్ ఊహించుకోండి. ఏడాదికి 365 రోజులు. సెకండరీ లేడు. ఫోన్ చేసేది కస్టమరు, జీతం చేతిలో పెట్టేది కూడా ఆ కస్టమరే, మీరుంటున్న ఇల్లు కూడా వాళ్ళదే. ఆ ఇంటికి రాత్రి పదింటికి ఎవరైనా వచ్చి తలుపు కొట్టొచ్చు. మా సంఘంలో పాస్టరు గారి పని సరిగ్గా ఇదే. ఇదంతా దూరంనుంచి చూసి జాలిపడి రాస్తున్నది కాదు. నాలుగేళ్ళపాటు మా పాస్టరేట్ కమిటీకి నేను సెక్రటరీని. అంటే ఆ ఫోన్లు చేసినవాళ్ళలో ముందు వరసలో ఉన్నవాణ్ణి.

చర్చి సంగతులు తెలియని మిత్రులకి రెండు ముక్కలు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన సి.ఎస్.ఐ., 1927లో ఏర్పడిన ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, బాప్టిస్టు సంఘాలు.. ఇలాంటివి పాతవి, పెద్దవి. సి.ఎస్.ఐ. లాంటి వాటిల్లో పాస్టర్ని డయోసిస్ నియమిస్తుంది, కొన్నేళ్ళకోసారి బదిలీ చేస్తుంది. ఉండడానికి క్వార్టర్స్ ఉంటుంది. స్థానికంగా లెక్కలూ డొక్కలూ చూసేది మాలాంటి కమిటీ. ఇవి కాక స్వతంత్ర సంఘాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ పాస్టరు గారే మొదలుపెట్టిన షెడ్డు, ఆయనే కాపరి, ఆయనే అకౌంటెంటు, చాలాచోట్ల వాచ్‌మన్ కూడా ఆయనే. ఏ రకమైనా సరే, జనం పిలిచేది "అయ్యగారూ" అనే. ఆయన భార్య "అమ్మగారు". అమ్మగారికి జీతం ఉండదు కానీ డ్యూటీ మాత్రం ఉంటుంది. ఆవిడ గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇమడదు.

బయటికి కనిపించేది ఆదివారం రెండు గంటలు. "వారానికి రెండు గంటల పని, మిగతాదంతా రెస్టే కదా" అని మా ఆఫీసులో ఒకడు జోకేశాడు, నేనూ నవ్వాను. మిగతాది ఏంటంటే, ఆసుపత్రిలో పేషెంటు దగ్గర ప్రార్థన, పెళ్ళి కుదరనివాళ్ళింట్లో ప్రార్థన, పెళ్ళి చెడిపోతున్నవాళ్ళింట్లో పంచాయితీ, కొడుకు తాగుతున్నాడని ఏడ్చే తల్లి, వీసా ఇంటర్వ్యూ, కొత్త బోరు, బుధవారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఎవరైనా పోతే భూస్థాపన, తర్వాత ఆదరణ కూడిక. ఇందులో ఏ ఒక్కటి తప్పిపోయినా ఆ కుటుంబం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటుంది. వెళ్ళిన వంద మాత్రం గుర్తుండవు. (మన సర్వర్ అప్‌టైమ్ కథలాగే.)

సరే, అసలు విషయానికొస్తా.

2021 ఏప్రిల్, మే నెలలు ఎవరికీ గుర్తుచెయ్యనక్కర్లేదనుకుంటా. మా అయ్యగారు ఆ రెండు నెలలూ క్వార్టర్స్‌కీ సమాధుల తోటకీ మధ్యే తిరిగారు. కొన్ని భూస్థాపనలకి ఇంట్లోవాళ్ళు ఒక్కరు కూడా రాలేని పరిస్థితి. కిట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు, దూరంగా గొడుగు కింద అయ్యగారు, ఆసుపత్రి మంచం మీదున్న భార్యకి చూపించడానికి ఫోన్ పట్టుకుని నేను. నేను ఒక్కదానికే వెళ్ళాను. ఆయన అన్నిటికీ వెళ్ళారు. జూన్‌లో కాస్త తెరిపినపడి మేమంతా మా స్ప్రింట్లలో పడిపోయాం. ఆయన దగ్గరికి మాత్రం అసలు జనం అప్పుడే రావడం మొదలయ్యింది. మనిషి పోయినప్పుడు ఏడవడానికి కూడా కుదరనివాళ్ళంతా అప్పుడొచ్చి ఆయన ముందు కూర్చుని ఏడ్చారు.

ఆగస్టులో ఒక ఆదివారం వాక్యం చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయారు. బైబిల్లో కాగితం తిప్పారు. మళ్ళీ వెనక్కి తిప్పారు. ఒక నిమిషం అలాగే నిలబడి, "పాట పాడుకుందాం" అని కూర్చున్నారు. పాట అయ్యాక కూడా లేవలేదు. ఒక పెద్దాయన లేచి ముగింపు ప్రార్థన చేశాడు. బయట చెప్పులేసుకుంటూ అందరూ "బీపీ అయ్యుంటుంది" అనుకున్నారు. నేను కార్లో క్లినిక్‌కి తీసుకెళ్ళాను. బీపీ, షుగరు రెండూ బానే ఉన్నాయి.

వచ్చేటప్పుడు అడిగాను, ఎన్నాళ్ళనుంచి అయ్యగారూ అని.

"మే నెలనుంచి నిద్ర లేదు బాబూ. మీ అందరి కోసం ప్రార్థన చెయ్యమంటే చేసేస్తాను, నోటికి అలవాటు. నాకోసం చేసుకుందామని కూర్చుంటే మాట రావట్లేదు."

"ఎవరికైనా చెప్పారా?"

దానికి ఆయన నవ్వారు. "ఎవరికి చెప్పమంటావు?" అని వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. కమిటీకి చెప్తే, పని చెయ్యలేకపోతున్నాడని డయోసిస్‌కి ఉత్తరం వెళ్తుంది. బిషప్ గారికి చెప్తే, ఆయన మంచివారే కానీ బదిలీ లిస్టు రాసేదీ ఆయనే, పిల్ల ఇంటర్ రెండో ఏడాది. తోటి పాస్టర్లకి చెప్తే, ఈ పాస్టరేట్ ఖాళీ అవుతుందా అని వాళ్ళలో ఒకరైనా అనుకోరా. ఇంట్లో చెప్తే ఆవిడ పరిస్థితి నాకంటే ఏం బాలేదు. "ఇక మీకెవరికైనా చెప్తే, వచ్చే ఆదివారం మైకులో ప్రార్థన మనవి అవుతుంది."

ఐదు వేళ్ళూ మడుచుకున్నాయి. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఎందుకంటే జులై మీటింగు మినిట్స్ నేనే రాశాను. అందులో మూడో అంశం: "గృహ దర్శనములు తగ్గినవని సభ్యులు అభిప్రాయపడిరి. అయ్యగారు గమనించగలరు." నా చేత్తో రాసి, ఆయన చేతే సంతకం పెట్టించాను.

ఆ రోజు ఆయన మడిచిన వేళ్ళ గురించి అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. చుట్టూ మనుషుల్లేక కాదు ఇబ్బంది. పాస్టరుకి ఉన్నంత జనం మనకెవరికీ ఉండరు. కానీ ఆయన చెప్పుకోగలిగిన ప్రతి మనిషికీ ఆయన మీద ఏదో ఒక అధికారం ఉంది. జీతం మీదో, ఇంటి మీదో, ఊరి మీదో, పేరు మీదో. అలాంటివాళ్ళు ఎంత ప్రేమగా "మాకు చెప్పండి అయ్యగారూ" అన్నా ఉపయోగం లేదు. నా మేనేజరు నిజంగా మంచివాడే, అయినా అప్రైజల్ నెలలో నాకు రాత్రుళ్ళు ఏడుపొస్తోందని ఆయనకి చెప్తానా?

మన కంపెనీలకి ఈ సంగతి ఎప్పుడో అర్థమయింది. వెల్‌నెస్ పోస్టర్లని, యోగా రోజుల్ని నేనూ చాలా వెక్కిరించాను. కానీ ఈఏపీ అని ఒకటుంటుంది చూడండి, ఫోన్ చేస్తే కౌన్సెలర్ మాట్లాడే ఏర్పాటు, అది మాత్రం తెలివైన పని. దాన్ని మామూలుగా బయటి సంస్థకి ఎందుకిస్తారు? హెచ్ఆర్‌లో ఓపిగ్గా వినే మనుషుల్లేకా? ఉంటారు. కానీ హెచ్ఆర్ చేతిలో నీ ఫైలుంటుంది. అందుకని వినేవాణ్ణీ ఫైలు పట్టుకున్నవాణ్ణీ వేరు చేశారు. కంపెనీకి ఎంతమంది వాడారన్న లెక్క వెళ్తుంది కానీ పేర్లు వెళ్ళకూడదు. ఇదంతా దయతో చేసిందని నేనను, ఖర్చు లెక్కేసుకునే చేసుంటారు. అయినా డిజైన్ సరైనది. దయ గురించి ప్రతివారం వినే చోట ఆ డిజైన్ లేకపోవడమే నాకు మింగుడుపడని విషయం.

ఇదేదో మన దగ్గరే ఉన్న జబ్బనుకోకండి. అమెరికాలో నార్త్ కెరొలైనాలోని యునైటెడ్ మెథడిస్టు పాస్టర్ల ఆరోగ్యం మీద డ్యూక్ యూనివర్సిటీవాళ్ళు 2007లో ఒక పెద్ద కార్యక్రమం మొదలెట్టారు. 35 నుంచి 64 ఏళ్ళ వయసు పాస్టర్లలో ఊబకాయం 39.7 శాతం, ఆ రాష్ట్రంలో అదే వయసు జనం కంటే 10.3 పాయింట్లు ఎక్కువ. టెలిఫోన్ సర్వేలో డిప్రెషన్ 8.7 శాతం, దేశం మొత్తం మీద పోల్చి చూసిన లెక్క 5.5. అక్కడి అంకెలు తెచ్చి ఇక్కడ అతికించకూడదు, తిండి వేరు, జీతం వేరు. కానీ మంచి జీతం, ఆరోగ్య బీమా, కారు ఉన్న పాస్టర్లకే అలా ఉంటే, అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయం.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ సంగతి మనకి ఇంకా దగ్గరిది, సి.ఎస్.ఐ.లో కలిసిన పాయల్లో ఒకటి అక్కడినుంచి వచ్చిందే కాబట్టి. అక్కడ పాస్టర్లలో ఎక్కువమంది చట్టం లెక్కలో ఉద్యోగులు కారు, పదవిలో ఉన్నవాళ్ళు. ఉద్యోగికుండే రక్షణలు వాళ్ళకి ఉండేవి కావు. 2009లో చేసిన నిబంధనల్లో వారానికి ఏకధాటిగా 24 గంటల విశ్రాంతి హక్కుగా రాశారు. తర్వాత 2020 ఫిబ్రవరిలో వాళ్ళ జనరల్ సినడ్ పాస్టర్ల బాగోగుల మీద ఒక ఒడంబడిక ఆమోదించింది. అందులో నాకు నచ్చింది, పాస్టరు తనని తాను ఎలా చూసుకోవాలో చెప్పి ఊరుకోలేదు. బిషప్పులు ఏం చెయ్యాలి, స్థానిక సంఘం ఏం చెయ్యాలి అని వాళ్ళకీ ప్రశ్నలేశారు. దాంతో అన్నీ చక్కబడ్డాయని నేననను. కానీ ఇది పాస్టరు సొంత సమస్య కాదు, సంఘం పని అని కాగితం మీద రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఇదంతా మా కమిటీలో చెప్పినప్పుడు మొదట వచ్చిన మాట నేను ఊహించిందే. "దేవుని సేవకుడికి డిప్రెషనేంటి బ్రదర్? ఇది ఉద్యోగం కాదు, పిలుపు." చెప్పినాయన చెడ్డవాడు కాదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆదివారం తెల్లారుజామునే వచ్చి కుర్చీలు తుడిచే మనిషి. కాబట్టి ఆయనకి సైకాలజీ పుస్తకాల గురించి చెప్పకుండా బైబిలే తీశాను.

1 రాజులు 19వ అధ్యాయం. ఏలీయా కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం సాధించి, ఒక్కరోజులో పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసెయ్యి అని అడుగుతాడు. దానికి దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యడు. విశ్వాసం తగ్గిందేంటయ్యా అని అడగడు. నిద్రపోనిస్తాడు, లేపి రొట్టె, నీళ్ళు పెడతాడు, మళ్ళీ నిద్రపోనిస్తాడు, మళ్ళీ పెడతాడు. నిర్గమకాండము 18లో మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగాదాలు తీరుస్తూంటే, ఇది నీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని చెప్పింది ఎవరు? మామగారు యిత్రో. ఆయన ఆ సంఘంలో మనిషి కాదు, మోషే కింద పనిచేసేవాడు కాదు, మోషే పైన అధికారి కూడా కాదు. ఊరినుంచి చూడ్డానికి వచ్చిన చుట్టం. అందుకే చెప్పగలిగాడు, అందుకే మోషే వినగలిగాడు. నాకు తెలిసి బైబిల్లో ఈఏపీకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు :)

ఇక స్పర్జన్. మన తెలుగు ప్రసంగాల్లో స్పర్జన్ పేరు రాని నెల ఉండదు. 1856 అక్టోబరు 19న లండన్ సర్రే గార్డెన్స్ హాల్లో ఆయన ప్రసంగిస్తూండగా ఎవరో నిప్పంటుకుందని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి 22 ఏళ్ళు. జీవితాంతం కుంగుబాటుతో పడిలేచాడు, తన దగ్గర చదువుకునే కుర్ర పాస్టర్లకి ఆ సంగతి దాచకుండా ఒక ఉపన్యాసమే చెప్పాడు. మనవాళ్ళు ఆయన ప్రసంగాలు తెచ్చుకున్నారు కానీ ఈ ఒక్కటీ అక్కడే వదిలేశారు.

మా పెద్దాయన అంతా విని, "ఏలీయాకి రొట్టె దేవదూత తెచ్చాడు, మనకెవరు తెస్తారు?" అన్నాడు. నిజంగానే అడిగాడో వెటకారమో నాకింకా తెలీదు.

ఇంతదాకా పాస్టర్ల గురించే రాశాను. కానీ ఇదే ముడి సంఘస్తులకీ ఉంది. మా యూత్‌లో ఒకమ్మాయి, మనలాగే ఐటీ, రెండేళ్ళ క్రితం డిప్రెషన్‌కి మందులు వాడుతూ అయ్యగారి దగ్గరికి కాదు, ప్రార్థన గుంపులో ఒక ఆంటీ దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. ఆంటీ మనసారా ఏడ్చి ప్రార్థన చేసింది. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో "మన సహోదరి మానసిక స్వస్థత కొరకు" అని పేరుతో సహా మెసేజి. గ్రూపులో 180 మంది. అందులో ఒకరు ఫోన్ చేసి మందులు విశ్వాసానికి అడ్డు అని చెప్పారు. ఆ పిల్ల మందులు మానేసింది, చర్చికి రావడం కూడా మానేసింది. వాళ్ళ అమ్మ కన్నీళ్ళు పెట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కాబట్టి సరిపోయింది. కస్టమర్ డేటా ఒక్క వరస లీకైతే మనకి రూట్ కాజ్ ఎనాలిసిస్, క్షమాపణ మెయిలు, ట్రైనింగు. ఇక్కడ మనిషి బతుకే లీకైతే "అందరం ప్రార్థన చేద్దామనే కదా" అన్నారు.

వాళ్ళది దురుద్దేశం కాదని నాకు తెలుసు. రోమన్ కాథలిక్కులకి పాపసంకీర్తనం ఉంది, గురువు చెవిన పడింది బయటికి రాకూడదన్న కఠినమైన నియమం ఉంది. మన ప్రొటెస్టంటు సంఘాల్లో ఆ చిన్నగది తీసేశాం, బాగానే ఉంది, కానీ దాంతోపాటు ఆ గోప్యత అలవాటు కూడా పోయింది. మనకి మిగిలింది మైకు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చే మనిషి ఆంటన్ బాయిసెన్. అమెరికన్ పాస్టరు. 1920లో ఆయనకే తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ ఆయన గమనించింది, శరీరానికి వైద్యులున్నారు, కానీ లోపల జరుగుతున్నదాన్ని కూర్చుని వినే మతపెద్ద ఒక్కడూ లేడని. కోలుకుని, చదువుకుని, 1924లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో చాప్లెన్‌గా చేరాడు. 1925 వేసవిలో థియాలజీ విద్యార్థుల్ని వార్డుల్లోకి తెచ్చి, పుస్తకాల్ని చదివినట్టే మనుషుల్ని శ్రద్ధగా చదవమన్నాడు. తర్వాత ప్రపంచమంతా వ్యాపించిన క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్ అక్కణ్ణించే మొదలైంది. జబ్బు పడి లేచిన పాస్టరు ఆ పని చేశాడు. తర్వాత కూడా ఆయనకి జబ్బు తిరగబెట్టింది, పని మాత్రం ఆగలేదు. మన దగ్గర అయితే ఆ మొదటి ఆసుపత్రి చీటీతోనే "ఇక ఈయన సేవకి పనికిరాడు" అనేవాళ్ళం.

పల్లెల్లో సంగతి ఇంకో రకం. అక్కడ చెప్పుకోడానికి మనిషి కంటే ముందు నెల గడవాలి. దీనికి చరిత్ర ఉంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించినవాడు. పుస్తకాల్లో ఆ అంకె అందరూ గొప్పగా రాస్తారు. నాకు మాత్రం ఇంజనీరు బుద్ధి, మర్నాడు ఆ 2,222 మందిని ఎవరు చూసుకున్నారు అని. చూసుకున్నది కొద్దిమంది దేశీయ బోధకులు, పల్లె టీచర్లు, బైబిల్ స్త్రీలు. వాళ్ళూ ఆ మాల, మాదిగ వాడల్లోంచి వచ్చినవాళ్ళే, కాలినడకన ఊరూరూ తిరిగినవాళ్ళే. నూట యాభయ్యేళ్ళ తర్వాత కూడా ఒక పాస్టరు నాలుగైదు ఊళ్ళు మోటారుసైకిల్ మీద తిరగడం మీరు ఏ మండలంలోనైనా చూడొచ్చు. కూలిపని చేసుకునేవాళ్ళ కానుకల సంచిలోంచి ఆయన పెట్రోలు రావాలి. పైగా 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు కానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. సంఘంలో మిగతావాళ్ళ సర్టిఫికెట్ ఏం చెప్పినా, పాస్టరు మాత్రం దాక్కోలేడు. ఆయన మతం బోర్డు మీద పెయింటుతో రాసుంటుంది.

స్వతంత్ర పాస్టర్లకి ఇంకో ముప్పుంది. ఆయన మీద బిషప్పూ లేడు, కమిటీ లేదు, అంటే అడిగేవాడు లేడు. మొదట అది స్వేచ్ఛలా ఉంటుంది. "తప్పు చేస్తున్నావు" అనేవాడు లేనిచోట "తిన్నావా" అనేవాడు కూడా ఉండడని తర్వాత తెలుస్తుంది.

మనం, అంటే జీతాలొచ్చే ఐటీవాళ్ళం, డాలస్‌లో ఉన్నా హైదరాబాదులో ఉన్నా ఇలాంటి సంఘాలకి డబ్బు పంపిస్తూనే ఉంటాం. దేనికి? సౌండ్ సిస్టమ్, కీబోర్డు, ఫ్యాన్లు, గోపురం మీద సిలువ. నేను కూడా ఒక మిక్సర్ కొనిచ్చాను, దానిమీద మా నాన్న పేరుంది. ఫోటోలో పడేవాటికే ఇస్తాం. ఒక పాస్టరు నెలకి రెండుసార్లు కౌన్సెలర్ దగ్గర కూర్చోడానికయ్యే ఖర్చు మీద ఎవరి పేరూ రాయలేం కదా.

మా సంఘంలో ఏం చేశామో కూడా చెప్పేస్తా, గొప్పకి కాదు, సగం ఫెయిలయ్యాం కాబట్టి. 2021 చివర్లో సోమవారం అయ్యగారికి సెలవు అని తీర్మానం చేశాం. ఆ రోజు ఫోన్లు ఇద్దరు పెద్దలు వంతులవారీగా ఎత్తాలి. మూడో సోమవారమే ఒకరు పోయారు, అయ్యగారు వెళ్ళకుండా ఉండలేకపోయారు, ఆ వారం బదులు సెలవు ఎవరికీ గుర్తురాలేదు. "మీ అయ్యగారు సోమవారం చావులకి రారటగా" అని పక్క సంఘంవాళ్ళు నవ్వారు కూడా. అది నెమ్మదిగా కుదురుకోడానికి ఏడాది పట్టింది. ప్రార్థన మనవులకి చీటీ పెట్టాం, "అందరికీ చెప్పొచ్చు", "అయ్యగారికి మాత్రమే" అని రెండు గడులు. ఇది మాత్రం మొదటి వారంనుంచే పనిచేసింది, రెండో గడిలో టిక్కులు చూసి అయ్యగారే ఆశ్చర్యపోయారు. చీటీ కింద టెలిమానస్ నెంబరు 14416 అచ్చేశాం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలెట్టిన ఉచిత సర్వీసు అది, తెలుగులో మాట్లాడతారు. మందులు మానమని ఎవరికీ చెప్పకూడదని ప్రార్థన గుంపువాళ్ళని కూర్చోబెట్టి చెప్పాం. ఒకావిడ అలిగి గుంపు మానేసింది.

అన్నిటికంటే గొడవైంది బడ్జెట్లో ఒక్క లైను. "పాస్టరు, కుటుంబ కౌన్సెలింగ్ ఖర్చు." కౌన్సెలర్ మా సంఘం మనిషి కాదు, మా డయోసిస్ మనిషి కూడా కాదు. బిల్లులో ఎన్ని సిట్టింగులో ఉంటుంది, ఎవరు వెళ్ళారో ఉండదు. అయ్యగారు వెళ్ళారా, అమ్మగారు వెళ్ళారా, ఇంటర్ చదివే పిల్ల వెళ్ళిందా, నాకిప్పటికీ తెలీదు. 2023లో ఆయనకి మామూలుగా బదిలీ అయింది. వెళ్ళేరోజు సామాను లారీ ఎక్కిస్తూంటే నా దగ్గరికొచ్చి, "నిద్ర పడుతోంది బాబూ" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు కొత్త అయ్యగారు, కొత్త కమిటీ. నేను సెక్రటరీని కాను, మామూలు సభ్యుణ్ణి. పోయిన నెల మీటింగులో ఒకాయన ఆ లైను మీద వేలు పెట్టి, "ఇది ఎవరు వాడుతున్నారో పేర్లు చెప్తే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం" అన్నాడు. ఆడిట్ పరంగా చూస్తే అడగాల్సిన ప్రశ్నే. కొత్త అయ్యగారు తల వంచుకుని టీ కప్పు వైపు చూస్తున్నారు. పేర్లు చెప్పాల్సొస్తే ఆ లైను ఉండీ లేనట్టేనని నేనన్నాను. ఓటింగు వచ్చే మీటింగుకి వాయిదా పడింది. నాకు తెలిసి మా వైపు నలుగురున్నాం, ఆరుగురు కావాలి. కుర్చీలు తుడిచే పెద్దాయన ఎటు వేస్తాడో ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఆయనకంటే ముందెళ్ళి కుర్చీలు సర్దుతూ మాట్లాడదామనుకుంటున్నాను.